ఏ ముఖాన మొలిస్తే ఆ ముఖాన

గ్రిల్స్ షాపు వెనక గది నుంచి,
ఎండలు ముదిరిన రోజులు

అమ్మాయ్,

నీకు తోక కావాలా? సూటిగా అడుగుతున్నాను, సూటిగా జవాబు చెప్పు. తల్లి కడుపులో దేవుడు నిన్ను పోగు పోగునా నేసి, చివర ముడి వేసి, బాగుందని చెయ్యి తీశాక, నువ్వు వెనక్కి తిరిగి చూసుకుని "ఇక్కడొకటి మర్చిపోయారండీ" అంటున్నావా? కుండ లేచి కుమ్మరిని నిలదీస్తుందా?

మీ అమ్మ నిన్న నా షాపుకొచ్చి, ఇనప ముక్కల మధ్య పీట వేసుకుని కూర్చుని ఏడ్చింది. అక్క ఏడిస్తే నేను చూడలేను. కూతురి గదికి వెళితే తాళ్ల మీద జెండాలు ఆరుతున్నాయట. ఏ పార్టీవే అని అడిగితే, పార్టీలవి కాదమ్మా, మనుషులవి అన్నావట. రెక్కలు కావాలని కోరుకునేవాళ్లకి ఒక జెండా, దానికో పేరు, రెక్కమనసు. నెత్తిన కొమ్ములు కావాలనేవాళ్లు కొమ్ముమనసు. ఒంటి మీద చేపలా పొలుసులు కావాలనేవాళ్లు పొలుసుమనసు. మరి నువ్వెవరివే అంటే, నేను ఎత్తుకుని తిప్పిన నా మేనకోడలు, "నేను తోకమనసుని" అందట! ఆకాశానికి గోపురం కట్టబోయినవాళ్ల నాలుకలు దేవుడు తారుమారు చేసింది నువ్వు ఇలాంటి పేర్లు పుట్టించడానికి కాదు.

మీ అమ్మ ఒక గుడ్డ తెచ్చి చూపించింది. పైన గోధుమరంగు, కింద నలుపు, ఆ నలుపులో సన్నటి తెల్లగీత. ఏమిటది? టీ ఒలికిన దుప్పటా? ఏ అవయవం కోసం ఏడ్చేవాళ్లదో అది మాత్రం మీ అమ్మకి చెప్పలేదట. సిగ్గు కాస్త మిగిలిందన్నమాట.

మనల్ని వీధిలో గడ్డాల సంఘం అని వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. దేవుడు ఏ ముఖాన మొలిపిస్తే ఆ ముఖాన ఉండాలి, కత్తి పట్టినవాడు సృష్టికర్త పనిని దిద్దుతున్నాడు. ఇది నేను మొదటినుంచీ ప్రసంగాల్లో చెబుతున్న మాట. వెల్డింగు రవ్వలు పడి నా గడ్డం కొసలు కాలిపోతున్నా కత్తిరించలేదు. మొన్న వాచ్‌మన్ కూటానికి గడ్డం గీసుకుని వచ్చాడు, కంపెనీవాళ్లు ఒప్పుకోవడం లేదని. సంఘంలోంచి పంపేశాను. ఇచ్చింది తీసెయ్యడమే అంత పాపమైతే, ఇవ్వనిది అడగడం ఎంత పాపమో నువ్వే ఆలోచించుకో.

ఆ జెండాలన్నీ ఒకచోట కుప్ప వేసి కాల్చెయ్. రేపు అనకు. ఈ రోజే.

మీ అత్తయ్యకి పంటినొప్పి. దవడ చుట్టూ స్కార్ఫు కట్టుకుని తిరుగుతోంది. డాక్టరు దగ్గరికి పదమంటే కదలదు. ప్రార్థన చెయ్యి, నీకింకా చెయ్యడం వస్తే.

మీ మావయ్య

*

ప్రింటింగ్ షెడ్డు మేడ మీద నుంచి,
మొదటి వాన పడ్డ సాయంత్రం

మావయ్యా,

కావాలి. సూటిగానే చెప్పాను.

చిన్నప్పుడు నీ షాపులో నిలబెట్టి ఉన్న గ్రిల్లులన్నీ నేను ఎక్కి వేలాడుతుంటే, "దీనికి తోకొక్కటే తక్కువ" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది ఎవరు? కోతీ అని పేరు పెట్టింది ఎవరు? అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మావయ్యకి ఎలా తెలిసిపోయిందా అనుకున్నాను. మెట్లు దిగుతుంటే తూకం కోసం నా వెనక ఏదో కదలాలి. కదలదు. బస్సులో తలుపు మూసుకుంటుంటే దేన్నో చుట్టుకుని లోపలికి లాక్కోవాలనిపిస్తుంది. అక్కడ ఏమీ ఉండదు. ఇది నేను ఎవరికి చెప్పుకోవాలి? నీకా? పీట మీద కూర్చుని ఏడ్చే మా అమ్మకా?

అందుకే పేర్లు పెట్టాను. క్రేను నడిపే ఒకాయన, అంత ఎత్తున ఒక్కడే కూర్చుని, భుజాల దగ్గర రెక్కలు విప్పాలనిపిస్తుందని ఎవరికీ చెప్పకుండా సగం జీవితం గడిపేశాడు. రెక్కమనసు అన్న మాట చూసి, "అయితే నేనొక్కణ్ణే కాదా అమ్మా" అన్నాడు. పొలుసులు కావాలనేది ఒక నర్సు. ఎవరూ కోయించుకోవడం లేదు, ఎవరూ అంటించుకోవడం లేదు. ఒకరికొకరు చెప్పుకుంటున్నారంతే. పగలు షెడ్డులో టోర్నమెంట్లకీ దుకాణాలకీ జెండాలు అచ్చువేస్తాను. పని అయ్యాక మిగిలిన రంగులతో వీళ్లవి వేస్తాను. నీకేం పోయింది?

నీ గ్రంథం నాకూ వచ్చు, నేర్పింది నువ్వే. గొర్రెలు కాసి రాజైన ఆయన, గువ్వ రెక్కలుంటే ఎగిరిపోయి ఎక్కడో నెమ్మదిగా బతికేవాణ్ణి కదా అని పాడాడు. ఆయన్ని ఏ సంఘంలోంచి పంపేశారు? దేవుడి సింహాసనం చుట్టూ నిలబడ్డవాళ్లకి ఆరేసి రెక్కలు, ఒంటినిండా కళ్లు. రేపు పైకి వెళ్లాక వాళ్లని చూసి కూడా "ఇదేం అవతారం, కాల్చెయ్యండి" అంటావా?

ఆ టీ ఒలికిన దుప్పటి ఎవరిదో చెప్పను. అడిగినావిడ నా దగ్గర మాట తీసుకుంది. తెల్లగీత పెట్టమన్నది కూడా ఆవిడే.

అత్తయ్యని డాక్టరు దగ్గరికి లాగకు. ఆ పంటినొప్పి గురించి ఆవిడే చెబుతుంది, చెప్పాలనుకున్నప్పుడు.

నీ కోతి

*

గ్రిల్స్ షాపు వెనక గది నుంచి,
వానలు ఆగకుండా పడుతున్న రోజులు

ఒసేయ్,

నీకు తెలుసు! నీకు ముందే తెలుసు! అదేదో పంటినొప్పి అని నేను కషాయాలు కాచి ఇస్తుంటే, అక్కడ కూర్చుని నవ్వుకున్నారా ఇద్దరూ?

ఏం జరిగిందో విను. మొన్న ఆదివారం కూటం. మన షెడ్డు రేకుల మీద వాన హోరు, నేను దాని మీద అరుస్తున్నాను. వాచ్‌మన్ మళ్లీ వచ్చి గుమ్మం బయట తడుస్తూ నిలబడ్డాడు. గడ్డం ఇంకా సరిగా పెరగలేదు. వాణ్ణి చూపిస్తూ చెప్పాను, ఏ ముఖాన మొలిస్తే ఆ ముఖాన ఉండాలి, ఉద్యోగం కోసం గీసినా, ఊరి కోసం గీసినా, మొగుడి కోసం గీసినా పాపం పాపమే అని. ఆ చివరి మాట ఎందుకొచ్చిందో నాకే తెలియదు. నోటి ఊపులో వచ్చేసింది.

ఆడవాళ్ల వైపు నుంచి మీ అత్తయ్య లేచింది. "ఆమెన్" అంది. స్కార్ఫు విప్పి మడతపెట్టి చంకలో పెట్టుకుంది.

గడ్డం! నీ అత్తకి! చెంపల మీద నూగు కాదు, దవడ కింద నల్లగా, ఒత్తుగా, మధ్యలో ఒక తెల్ల పాయతో! పాటలు పాడే ముసలాయన చేతిలో పుస్తకం జారి కిందపడింది. కలప డిపో ఆయన భార్య "అమ్మో" అని పక్కావిడని పట్టుకుంది. మీ అత్తయ్య మాత్రం కూరల సంచీ దించినంత తేలిగ్గా, "పెళ్లినాటి నుంచి రోజూ నువ్వు లేవకముందే గీసుకున్నాను. పాపం చేశాను. ఇక చెయ్యను," అని కూర్చుంది.

ఇంటికొచ్చాక అడిగాను, "ఇది జబ్బా, డాక్టరుకి చూపిద్దామా" అని. "జబ్బేం కాదు. వస్తోంది, నాకు బాగుంది," అంది. బాగుందట! పనీ పాటా లేకుండా ముఖం మీద చెయ్యి వేసుకుని నిమురుకుంటూ కూర్చుంటోంది, నేను ప్రసంగం తయారుచేసుకునేటప్పుడు నిమురుకున్నట్టు! ఆ గోధుమరంగూ, నలుపూ, తెల్లగీతా ఇప్పుడు నా కళ్ల ముందునుంచి పోవడం లేదు. నా పెళ్లాం ముఖాన్ని గుడ్డ మీద అచ్చువేసి తాడు మీద ఆరబెట్టావు కదే!

నువ్వే పాడుచేశావు. నీ మనసులూ, నీ జెండాలూ.

మీ మావయ్య

*

ప్రింటింగ్ షెడ్డు మేడ మీద నుంచి,
అదే వారం

మావయ్యా,

నేను పాడుచేశానా? విను.

పోయినేడాది కళ్లజోడు కోసం అత్తయ్య నా దగ్గరికి వచ్చింది గుర్తుందా? సంచీలో గీసుకునే కత్తి తెచ్చుకోవడం మర్చిపోయింది. మొదటి రోజు ఉదయం బాత్రూంలోంచి బయటికి రాలేదు. తలుపు కొడితే, "నా సామాను ఒకటి ఉండిపోయిందే, షాపు తెరిచాక తెస్తావా," అంది. ఏం సామాను అంటే చెప్పదు. చివరికి తలుపు కాస్త తీసి చూపించింది. ఏడుస్తుందనుకున్నాను. "బాగానే ఉంది కదే?" అని అడిగింది, మావయ్యా. కొత్త బట్టలు వేసుకున్నవాళ్లు అడిగినట్టు అడిగింది.

నేను షాపుకి వెళ్లలేదు. ఆవిడ పంపలేదు. ఇక్కడున్నన్నాళ్లూ పెరగనిచ్చింది. సాయంత్రం నా అచ్చు స్క్రీన్ల పక్కన కూర్చుని, ఆరుతున్న జెండాలన్నీ ఒక్కొక్కటీ ఏమిటని అడిగి, "నాలాంటి దానికి పేరుందా?" అంది. లేదన్నాను. "పెట్టు మరి," అంది. గడ్డపుమనసు అన్నాను. నోట్లో చాక్లెట్టు చప్పరించినట్టు ఆ మాట తిప్పి తిప్పి అనుకుంది. బస్సెక్కే రోజు పొద్దున్న నా కత్తి అడిగి గీసేసుకుంది. "మీ మావయ్య పరువు," అంది. అప్పుడు ఏడ్చింది. గీసుకుంటూ ఏడ్చింది.

నేను దాచింది ఇది. ఇది నీకు చెప్పనందుకు నాకేం పశ్చాత్తాపం లేదు.

ఆవిడకి ధైర్యం చెప్పింది నా జెండా కాదు. నీ రేకుల షెడ్డులో ముందు వరసలో కూర్చుని, ప్రతివారం నీ ప్రసంగం విన్నది ఆవిడ. నిన్ను నమ్మింది. నీ మాటని ఊళ్లో ఆవిడంత గట్టిగా ఇంకెవరూ నమ్మలేదు.

కోతి

*

గ్రిల్స్ షాపు వెనక గది నుంచి,
వానలు తెరిపిచ్చాక

అమ్మాయ్,

నీతో వాదించే ఓపిక లేదు. ఇక్కడ నా మెడ మీద కత్తి ఉంది.

డిపో ఆయన తెలుసు కదా, కలప డిపో, మన షెడ్డుకి రేకులు వేయించింది ఆయనే, సంఘంలో ఆయన మాటే మాట. పెద్దలందరినీ వెంటేసుకుని షాపుకొచ్చాడు. ఆడది మగవాడి వేషం వెయ్యకూడదని ధర్మశాస్త్రంలో ఉందా లేదా అని అడిగాడు. ఉందన్నాను. వచ్చే ఆదివారం కూటంలో, అందరి ముందూ, నా చేత్తోనే మీ అత్తయ్య గడ్డం గియ్యాలట. నా వల్ల కాకపోతే సెలూన్ ఆయన్ని పిలిపించి కూర్చోబెడతాడట, కదలకుండా పట్టుకోవడానికి ఆడవాళ్లు ఉన్నారట. అదీ కాదంటే నేను ప్రసంగం చెయ్యడానికి వీల్లేదు, మేమిద్దరం షెడ్డులో అడుగుపెట్టడానికి వీల్లేదు.

"ఇంట్లో భార్యని దిద్దుకోలేనివాడు సంఘాన్నేం దిద్దుతాడండీ," అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నా గడ్డం పట్టుకుని గుంజినట్టయింది.

చదువు లేదు నాకు. ఇనుము మోస్తూ, దీపం పక్కన అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆ గ్రంథం నేర్చుకున్నాను. ఆ నాలుగు రేకుల కిందే నేను మనిషినయ్యాను. అది పోతే నాకేం మిగులుతుంది? నువ్వు చెబితే మీ అత్తయ్య వింటుంది. వెంటనే రాయి. ఇంట్లోనే, గుట్టుగా, తనంతట తను గీసేసుకోమను. లేకపోతే ఆదివారం నేనే గీస్తాను. తప్పదు.

మీ మావయ్య

*

ప్రింటింగ్ షెడ్డు మేడ మీద నుంచి,
ఉత్తరం అందిన రోజే

మావయ్యా,

రాయను.

గీస్తావా? గీయ్. కానీ ముందు ఆ వాచ్‌మన్ ఇంటికి వెళ్లు. పిల్లల ఫీజుల కోసం గీసుకుంటే వాణ్ణి వానలో నిలబెట్టావు కదా. "అది పాపం, ఇది పుణ్యం, డిపో ఆయన చెప్పాడు" అని వాడి ముఖం మీద చెప్పి, తర్వాత వచ్చి అత్తయ్య ముఖం మీద సబ్బు పెట్టు.

నిన్ను చూసి భయపడ్డాను, నీ మీద కోపం తెచ్చుకున్నాను, నీ ఉత్తరాలు చింపబోయి ఆగిపోయాను. అబద్ధాలకోరువని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆదివారం నువ్వు గీస్తే అనుకుంటాను. అప్పుడు నా దగ్గరున్న జెండాల్లో నీకు సరిపోయేది ఒక్కటీ లేదు, మావయ్యా. వెన్నెముక కావాలని కోరుకునేవాళ్లకి నేనింకా పేరు పెట్టలేదు.

కోతి

*

గ్రిల్స్ షాపు ముందు నుంచి, లోపల కూర్చోలేక,
శనివారం పొద్దున

అమ్మాయ్,

ఈ చీటీ తెచ్చింది మన ఇనుము వ్యాను డ్రైవరు. వాణ్ణి కూర్చోబెట్టి చదువు.

నీ ఆఖరి మాటకి నా ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే నిన్న కత్తి తీశాను. పెరట్లో స్టూలు వేశాను. మీ అత్తయ్యని పిలిచాను. వచ్చి కూర్చుని, తువ్వాలు తనే మెడకి చుట్టుకుంది. సబ్బు నురగ పెట్టాను. అప్పుడంది, "గీయ్. కానీ వాక్యం చదివి గీయ్. వాచ్‌మన్‌ని పంపేసేటప్పుడు చదివావు కదా. నాకూ చదువు."

గ్రంథం తెచ్చాను. వేషం వెయ్యకూడదన్న వాక్యం తీశాను. "నేనేం వేసుకున్నాను?" అంది. "చీర కట్టుకున్నాను. ఇది వేసుకుంది కాదు, మొలిచింది." పేజీ తిప్పాను. ఇంకోటి తిప్పాను. స్త్రీకి తల వెంట్రుకలు ఘనత అని ఉంది. గడ్డం ఉన్న స్త్రీని గియ్యమని ఎక్కడుందే? ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిప్పాను. నా వేలిముద్రలతో నల్లబడ్డ పుస్తకం అది, నాకు తెలియని పేజీ లేదు. మీ అత్తయ్య కదలకుండా కూర్చుంది. నురగ ఆరిపోయి పొట్టులా రాలింది. "దొరికిందా?" అంది. జాలిగా అడిగింది, ముదనష్టపుది. కోపంగా అడిగినా గీసేసేవాణ్ణేమో.

కత్తి విసిరేశాను. డ్రమ్ము మీద పడి ఎక్కడికో ఎగిరింది, ఇంకా వెతకలేదు.

అక్కడినుంచి తిన్నగా డిపోకి వెళ్లాను. లోడు దింపుతున్నవాళ్లందరూ వినేలా చెప్పాను. వాక్యం చూపించు, గీస్తాను. చూపించలేకపోతే నోరు ముయ్యి అన్నాను. "రేకులు నావి," అన్నాడు ఆయన. చూశావా, వాక్యం అడిగితే రేకులు చూపించాడు! "అయితే పీక్కుపో," అన్నాను. సాయంత్రానికల్లా మనుషుల్ని పంపి నిజంగానే పీకించుకుపోయాడు. నేను వెల్డింగు చేసిన ఇనప ఫ్రేము ఒక్కటే ఆకాశం కింద మిగిలింది.

వాచ్‌మన్ ఇంటికీ వెళ్లాను. నువ్వు చెప్పావని కాదు. గుమ్మంలోనే నిలబడి కూటానికి రమ్మన్నాను, గడ్డంతోనో గడ్డం లేకుండానో, రమ్మన్నాను. "అయ్యగారికి ఒంట్లో బాగాలేదా?" అని తన పెళ్లాన్ని అడిగాడు. వస్తానన్నాడు.

ఇక నీ సంగతి. నీ తోక సంగతి నాకు నచ్చలేదు. మొలిచింది వేరు, మొలవాలని ఏడవడం వేరు. ఆ కొమ్ములూ, పొలుసులూ నాకు మింగుడుపడలేదు. గువ్వ రెక్కల వాక్యానికి నా దగ్గర జవాబుంది, ఎదురుగా కూర్చుంటే చెబుతాను. జవాబు ఉందో లేదో వచ్చి చూసుకో.

రేపు ఆదివారం. కూటం జరుగుతుంది. అదే స్థలంలో, అదే ఫ్రేము కింద, మీ అత్తయ్య ముందు వరసలో, స్కార్ఫు లేకుండా. డిపో ఆయన సెలూన్ ఆయన్ని తీసుకొస్తాడు, మనుషుల్నీ తీసుకొస్తాడు. మా వైపు నేనూ, వాచ్‌మనూ, పాటల ముసలాయనా. ముసలాయనకి వినపడదు, ఎటువైపు ఉన్నాడో కూడా ఆయనకి తెలియదు. వానలు పోయి ఎండ నిప్పులు చెరుగుతోంది. పైన కప్పు లేదు. ముసలివాళ్లూ చంటిపిల్లల తల్లులూ ఆ ఎండలో నిలవలేరు, నిలవలేక లేచి వెళ్లిపోవాలనే ఆయన రేకులు పీకించాడు.

నీ దగ్గర గుడ్డ ఉంది. తాళ్ల మీద ఆరిందీ, బీరువాలో మడతపెట్టిందీ, అంతా తీసుకురా. రెక్కల జెండా, కొమ్ముల జెండా, ఆ పొలుసులది, తోకది కూడా. అంచుకి అంచు కుట్టి ఫ్రేము మీద కప్పేద్దాం. సూదీదారం మీ అత్తయ్య సిద్ధం చేస్తోంది. మీ అమ్మ తెచ్చి ఇక్కడే ఉంచిన ఆ టీ ఒలికిన దుప్పటి మాత్రం గుమ్మం మీదికి, నలుగురికీ కనపడేలా. ఆ క్రేను ఆయనకి సెలవుంటే వెంటపెట్టుకురా, ఫ్రేము ఎక్కి కట్టడానికి నా మోకాళ్లు పనికిరావు. ఎక్కడానికి నువ్వున్నావనుకో.

రేపు పొద్దున్న బస్సుకి వస్తానని రాయకు. రేపు పొద్దున్నకి సెలూన్ ఆయన స్టూలు కూటం మధ్యలో వేసి ఉంటుంది. వ్యాను ఇంజను ఆపొద్దని వాడికి చెప్పే పంపాను. చేతికి అంటిన రంగు దారిలో కడుక్కుందువుగాని.

లే, కోతీ. గుడ్డలు వ్యానులో వెయ్యి. ఈ రోజే బయలుదేరు.

మావయ్య